పాత పికప్పుకు పవర్ స్టీరింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్న కొన్న మహీంద్రా పికప్పు, జీపు ముఖంది, ఏపీ 36 నంబరుది, ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది. నర్సంపేట వైపు నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ఏళ్ల తరబడి మిర్చి బస్తాలు మోసిన బండి. దానికి పవర్ స్టీరింగ్ వేయించినప్పటి నుంచి నాకు ఫోన్లు ఆగలేదు. అడిగేవాళ్లు మారుతున్నారు, ప్రశ్నలు మాత్రం అవే. అందుకే ఒకచోట రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

నేను మెకానిక్‌ను కాదు. షెడ్డులో మేస్త్రీ పక్కన కూర్చుని స్పానర్లు అందిస్తూ నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడ రాసింది ముందువైపు లీఫ్ స్ప్రింగులు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలు), అడ్డంగా ఒకే యాక్సిల్ (ఇరుసు) ఉన్న జీపు తరహా పాత పికప్పుల గురించి.

## వేయించాలా వద్దా అనుకునేటప్పుడు

స్టీరింగ్ చాలా గట్టిగా ఉంది. పవర్ స్టీరింగ్ వేస్తే అయిపోతుందా?

ముందు ఎందుకు గట్టిగా ఉందో చూడండి. ముందు చక్రాలు రెండూ జాకీల మీద లేపి స్టీరింగ్ తిప్పండి. గాలిలో ఉన్న చక్రాలు ఒక చేత్తో తేలిగ్గా తిరగాలి. అప్పుడు కూడా బిగుసుకుంటుంటే డ్రాగ్ లింక్‌ను (చక్రాల వైపు పోయే రాడ్డు) డ్రాప్ ఆర్మ్ నుంచి (స్టీరింగ్ బాక్స్‌కు వేలాడుతూ ఊగే ఇనుప చేయి) ఊడదీయండి. ఇప్పుడు స్టీరింగ్ ఒకసారి, చక్రాలు ఒకసారి విడివిడిగా తిప్పి చూస్తే జబ్బు బాక్స్‌లో, అంటే స్టీరింగ్ కింద ఉండే గేర్ల పెట్టెలో ఉందా, చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్లలో ఉందా తేలిపోతుంది.

మా బండికి కింగ్ పిన్ గ్రీజు నిపుల్ మీద ఎవరో ఎప్పుడో పెయింట్ కొట్టేశారు. గ్రీజు గన్ పెట్టినా లోపలికి పోదు, పక్కల నుంచి కారిపోతుంది. పని కుర్రాడు పైపైన పూసేసి "అయిపోయిందన్నా" అనేవాడు. నిపుల్ మార్చి, పాత గట్టి గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టిస్తే సగం బరువు అక్కడే దిగింది.

టైర్లు కూడా చూడండి. పాత జీపులకు వచ్చింది 6.00-16 సన్న టైరు. ఇప్పుడు అందరూ బొలెరోకు వచ్చే 215/75 ఆర్15 లాంటి వెడల్పు టైర్లు వేస్తున్నారు. నేలకు అంత వెడల్పున రబ్బరు ఆనితే నిలబడ్డ చోట తిప్పడం బరువే. దానికి తోడు గాలి తక్కువుంటే చెప్పక్కర్లేదు. ఇవన్నీ సరిచేశాక కూడా మార్కెట్ గేటు దగ్గర బండి తిప్పడానికి భుజాలు పడిపోతున్నాయంటే, అప్పుడు పవర్ స్టీరింగ్ మాట ఎత్తండి.

స్టీరింగ్‌లో బాగా ప్లే (చక్రాలు కదలకుండానే స్టీరింగ్ ఆడే ఖాళీ) ఉంది. పవర్ బాక్స్ వేస్తే ప్లే పోతుందా?

ఆ ప్లే పాత బాక్స్‌లోనే ఉంటే పోతుంది. జాయింట్లలో ఉంటే పోదు, పైగా ఇంకా ప్రమాదం. చేతితో తిప్పే స్టీరింగ్‌లో అరిగిన జాయింట్ మీ చేతికి తెలుస్తుంది. పవర్ వేశాక ఆయిల్ ఒత్తిడి ఆ తేడాను కప్పేస్తుంది. జాయింట్ ఊడే రోజు వరకు మీకు తెలియదు.

పరీక్ష సులువు. బండి నేల మీదే ఉంచి, ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా ఊపమనండి. మీరు కింద పడుకుని ఒక్కో టై రాడ్ ఎండ్ (ముందు చక్రాలు రెంటినీ కలిపే రాడ్డు చివరి జాయింట్) మీద బొటనవేలు పెట్టండి, సగం రాడ్ మీద, సగం దాని సాకెట్ మీద ఆనేట్టు. రెండూ కలిసి కదిలితే మంచిదే. ఒకటి కదిలి, ఒక క్షణం ఆగి రెండోది కదిలితే వేలికి 'టక్' అని తగులుతుంది. ఆ ఎండ్ మార్చేయాల్సిందే. తర్వాత చక్రాన్ని పైకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే కింగ్ పిన్, వీల్ బేరింగ్ సంగతి తెలుస్తుంది. ఈ పనులన్నీ పూర్తి కాకుండా పవర్ బాక్స్ కొనొద్దనేది నా గట్టి మాట.

హైడ్రాలిక్ వేయించాలా, ఎలక్ట్రిక్ వేయించాలా?

బరువులు మోసే పికప్పు అయితే హైడ్రాలిక్. ఇంజిన్ బెల్ట్‌తో తిరిగే పంపు ఆయిల్‌ను ఒత్తిడితో బాక్స్‌లోకి పంపుతుంది, అక్కడి పిస్టన్ మీ బదులు బలం పెడుతుంది. లారీల నుంచి ట్రాక్టర్ల దాకా మన మేస్త్రీలకు అలవాటైన పని. పాడైతే పరకాలలోనో ములుగులోనో బాగుచేసేవాళ్లు దొరుకుతారు.

ఎలక్ట్రిక్ అంటే చిన్న కారు స్టీరింగ్ కాలమ్‌ను మోటారుతో సహా తెచ్చి పెట్టడం. పైపుల్లేవు, ఆయిల్ కారదు, పని త్వరగా అవుతుంది. సరదాగా వారానికోసారి తీసే పొట్టి జీపుకు బాగానే ఉంటుంది. కానీ నిలబడ్డ చోట తిప్పేటప్పుడు ఆ మోటారు పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. పాత ఆల్టర్నేటర్, పాత వైరింగ్ తట్టుకోవు, రెండూ మార్చాలి. అదీగాక ఆ కాలమ్ వచ్చిన కారులో స్పీడును బట్టి సాయం తగ్గించే కంప్యూటర్ ఉంటుంది. మన బండిలో ఆ స్పీడ్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఎంత వేగంలోనైనా ఒకే సాయం, లేదంటే అసలు సాయమే ఉండదు.

దారిలో ఇంజిన్ ఆగిపోతే స్టీరింగ్ పనిచేయదంట కదా?

పనిచేస్తుంది. స్టీరింగ్ నుంచి చక్రం దాకా ఇనుప లంకె అలాగే ఉంటుంది, ఆయిల్ సాయం మాత్రమే పోతుంది. అయితే పాత మాన్యువల్ బాక్స్ కన్నా బరువుగా ఉంటుంది. పవర్ బాక్స్‌లో పళ్ల లెక్క వేరు, తక్కువ చుట్లకే చక్రం తిరుగుతుంది, పైగా లోపలి ఆయిల్‌ను మీ చేతులే నెట్టాలి. వేయించిన కొత్తలో ఖాళీ గ్రౌండులో ఇంజిన్ ఆపి, బండిని తోయించి ఒకసారి తిప్పి చూడండి. ఆ బరువు ఎలా ఉంటుందో చేతులకు ముందే తెలియడం మంచిది.

మైలేజీ పడిపోతుందా?

పంపు తిరగడానికి ఇంజిన్ కొంచెం బలం ఇస్తుంది, కాదనను. అరిగిన ఇంజెక్టర్లు, గాలి తగ్గిన టైర్లు తినే డీజిల్ ముందు అది లెక్కలోకి రాదు.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

రేటు చెప్పను, నెలకోలా మారుతుంది. దేనికి ఎంత పోతుందో చెప్తాను. అందరూ బాక్స్ ధర అడిగి అదే మొత్తం ఖర్చు అనుకుంటారు. నాకు పాత బాక్స్‌కు ఎంత పెట్టానో, పంపు, బ్రాకెట్, పుల్లీ, హోస్ పైపులు, లేత్ పని, కూలీ కలిపి దాదాపు అంతే మళ్లీ పెట్టాల్సి వచ్చింది. దానికి తోడు టై రాడ్ ఎండ్లు, కింగ్ పిన్ కిట్, అలైన్‌మెంట్. చేతిలో ఉన్నదంతా బాక్స్ మీద పెట్టేస్తే చివర్లో హోస్ పైపు దగ్గర కక్కుర్తి పడతాం. పడకూడని చోటు అదే.

## సామాను కొనేటప్పుడు

ఏ బండి బాక్స్ నా పికప్పుకు సెట్ అవుతుంది?

అన్నిటికన్నా తేలిక, మీ బండి కంపెనీవాళ్లే తర్వాత పవర్ స్టీరింగ్‌తో తెచ్చిన అదే కుటుంబం బండి. మహీంద్రా జీపు రకాలకు పవర్ స్టీరింగ్ ఉన్న బొలెరో, క్యాంపర్ సామాను వైపు మేస్త్రీలు మొగ్గేది అందుకే. అయినా కళ్లు మూసుకుని కొనొద్దు. నాలుగు విషయాలు కొలిచి చూడాలి: బాక్స్ ఛాసిస్‌కు బయట కూర్చుంటుందా లోపలా, డ్రాప్ ఆర్మ్ ముందుకు ఊగుతుందా పక్కకా, డ్రాప్ ఆర్మ్ పొడవు ఎంత, బాక్స్‌కు రేడియేటర్‌కు మధ్య చోటు ఎంత. మీ పాత బాక్స్ ఊడదీయక ముందే ఈ కొలతలు, ఫోటోలు తీసుకుని వెళ్లండి. బాక్స్ మీద జెడ్ఎఫ్, రానే, సోనా లాంటి తయారీ కంపెనీల పేర్లు కనిపిస్తాయి. పేరు తెలిస్తే సీల్ కిట్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్ల సెట్) దొరకడం సులువు.

యూట్యూబ్‌లో అమెరికావాళ్లు 'సాగినా' (Saginaw) అనే పేరున్న పవర్ బాక్స్ వేస్తున్నారు. అదే తెప్పించుకోవచ్చా?

వద్దు. ఆ బాక్స్ మంచిదే, కానీ వాళ్ల స్టీరింగ్ ఎడమవైపు. మనది కుడివైపు. వీడియోలో చూపించేదంతా మనకు అద్దంలో బొమ్మలా తిరగబడి ఉండాలి. ఎడమ స్టీరింగ్ బాక్స్ తెచ్చి కుడివైపు ఇరికిస్తే, డ్రాప్ ఆర్మ్ దిశను బట్టి కుడికి తిప్పితే బండి ఎడమకు పోయే పరిస్థితి రావచ్చు. అది నవ్వుకునే విషయం కాదు.

తుక్కు షాపులో పాత బాక్స్ కొనేటప్పుడు ఏం చూడాలి?

ముందు బాక్స్ చెవులు చూడండి, అంటే బోల్టులు పట్టే రంధ్రాల చుట్టూ ఉన్న భాగం. అక్కడ వెల్డింగ్ మచ్చ గానీ, వెంట్రుక లాంటి పగులు గానీ ఉంటే షాపు మెట్లు దిగేయండి.

తర్వాత పైషాఫ్ట్‌ను (స్టీరింగ్ వైపు ఉండేది) చేత్తో ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. ఎక్కడా గరగర అనకుండా, పట్టేయకుండా పోవాలి. సరిగ్గా మధ్యలో కొంచెం బిగువు తగలడం మామూలే, అది ఉండాలి. కింది షాఫ్ట్‌ను (డ్రాప్ ఆర్మ్ ఎక్కేది) పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకీ ఊపండి. పక్కకు ఆడితే బేరింగ్ లేదా బుష్ పోయినట్టు. పైపులు ఎక్కే రంధ్రాల్లోకి టార్చి కొట్టండి. తుప్పు కనిపిస్తే లోపల నీళ్లు నిలిచాయి, వర్షంలో మూతల్లేకుండా పడి ఉన్న బాక్స్ అది.

డ్రాప్ ఆర్మ్, దాని నట్టు, పైషాఫ్ట్‌కు ఉండే కప్లింగ్, బోల్టులు అన్నీ అదే బాక్స్‌వి అడిగి తీసుకోండి. "డ్రాప్ ఆర్మ్ ఎక్కడైనా దొరుకుతది తమ్మీ" అంటారు. దొరకదు. పళ్ల లెక్క కలవక నేను మూడు ఆదివారాలు తిరిగాను.

కొన్నాక నేరుగా బిగించొద్దు. సీల్ కిట్ వేయించాకే బండికి ఎక్కించండి.

పంపు ఏది పెట్టాలి? ఎక్కడ పెట్టాలి?

బాక్స్ ఏ బండిదో పంపు కూడా ఆ బండిదే తీసుకుంటే ఒత్తిడి, ఆయిల్ ప్రవాహం జోడు కుదురుతాయి. వేరే పెద్ద బండి పంపు పెడితే స్టీరింగ్ మరీ పల్చగా అయిపోతుంది, సీళ్లు తన్నేస్తాయి. బ్రాకెట్ విషయంలో మీ ఇంజిన్ కుటుంబానికే పవర్ స్టీరింగ్‌తో వచ్చిన మోడల్ ఉంటే దాని బ్రాకెట్, క్రాంక్ పుల్లీ వెతకండి. మహీంద్రా 2523 సీసీ డీఐ ఇంజిన్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు, సామాను దొరుకుతుంది. పాత 2112 సీసీ ప్యూజో ఇంజిన్ వాళ్లకు బ్రాకెట్ చేయించుకోవడమే దారి. బ్రాకెట్ మందపాటి ప్లేటుతో ఉండాలి, కనీసం రెండు చోట్ల ఇంజిన్‌కు పట్టాలి.

బెల్ట్ తిరిగే పుల్లీలన్నీ ఒకే గీతలో ఉన్నాయో లేదో సన్నని దారం లాగి చూడండి. చాలా డీజిల్ బళ్లలో ఆల్టర్నేటర్ వెనకే బ్రేకుల వాక్యూమ్ పంపు ఉంటుంది. పవర్ పంపుకు చోటు కోసం ఆల్టర్నేటర్‌ను జరిపితే వాక్యూమ్ పైపు లాక్కుపోతుందేమో తప్పక చూసుకోండి.

హోస్ పైపులు వరంగల్‌లోనే చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. జేసీబీ, ట్రాక్టర్లకు హోస్ ప్రెస్ చేసే షాపులోనే చేస్తారు. పంపు నుంచి బాక్స్‌కు పోయే పైపు మీద 80–100 బార్ల దాకా ఒత్తిడి పడుతుంది. అంటే లోపల స్టీల్ తీగ అల్లిన పైపు, మెషిన్‌తో ప్రెస్ చేసిన ఎండ్లు ఉండాలి. క్లిప్పు బిగించి సరిపెట్టడం ఆ పైపుకు చెల్లదు. ఆయిల్ డబ్బాకు తిరిగి వచ్చే పైపులో ఒత్తిడి తక్కువ, ఆయిల్ తట్టుకునే రబ్బరు పైపు, మంచి క్లిప్పు చాలు. పైపు సైలెన్సర్ మానిఫోల్డ్ దగ్గర నుంచి పోకూడదు. కారిన ఆయిల్ వేడి ఇనుము మీద పడితే అంటుకుంటుంది.

## షెడ్డులో పని జరిగేటప్పుడు

డ్రాప్ ఆర్మ్ పొడవు సరిపోవట్లేదు. మేస్త్రీ కోసి వెల్డింగ్ చేస్తానంటున్నాడు. చేయనివ్వాలా?

వద్దు. ఆయన ఎంత పనిమంతుడైనా వద్దు. డ్రాప్ ఆర్మ్ అనేది కొలిమిలో కొట్టి, వేడి చేసి చల్లార్చి గట్టిపరిచిన ఇనుము. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం అతుకు పక్కన పోతుంది. పైకి గ్రైండర్ పట్టి పెయింట్ వేస్తే అద్దంలా కనిపిస్తుంది, విరిగేది మాత్రం ఆ పక్కనే. డ్రాగ్ లింక్, టై రాడ్, నకల్ ఆర్మ్ (చక్రం దగ్గర ఆ రాడ్లు పట్టే చేయి) అన్నిటికీ ఇదే మాట. గ్యాస్ పెట్టి వంచడం కూడా అంతే.

షెడ్డులో ఒకసారి అలా అతికిన డ్రాగ్ లింక్ నా చేతికిచ్చారు. అతుకు వెంబడి సన్నని తుప్పు గీత. బండి రోజూ కూలీలను ఎక్కించుకుని తిరుగుతున్నదే. పొడవు చాలకపోతే సరైన పొడవున్న ఆర్మ్ వెతకండి, లేదంటే బాక్స్ కూర్చునే చోటు జరపండి. పని నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదు.

బాక్స్‌ను ఛాసిస్‌కు ఎలా బిగించాలి?

ఛాసిస్ రేకుకు నేరుగా బోల్టులు వేసి లాగేస్తే, ప్రతి మలుపుకూ ఆ రేకు కొంచెం కొంచెం వంగి, ఏడాదిలో రంధ్రం దగ్గర చిట్లుతుంది. పెట్టెలా మూసి ఉన్న ఛాసిస్ అయితే రంధ్రంలో ఈ వైపు నుంచి ఆ వైపుకు దళసరి పైపు ముక్క దూర్చి, దాని గుండా బోల్టు పోనివ్వాలి. అప్పుడు ఎంత బిగించినా ఛాసిస్ నొక్కుకుపోదు. ఒకవైపు తెరిచి ఉన్న ఛాసిస్ అయితే లోపల దన్నుగా ప్లేటు వేయాలి. బోల్టు తల మీద దాని బలం చెప్పే 8.8 గానీ 10.9 గానీ అంకె ఉండాలి. అంకె లేని బోల్టు గేటుకు వాడుకోండి.

ఇంకో మాట. చాలా బళ్లలో ఛాసిస్ నంబరు కుడివైపు పట్టీ మీద ముందు భాగంలోనే కొట్టి ఉంటుంది, అంటే మన బాక్స్ పక్కనే. అక్కడ గ్రైండర్, వెల్డింగ్ ఏదీ తగలనివ్వొద్దు. పని మొదలుపెట్టేటప్పుడే నంబరు మీద తడి గోనెగుడ్డ కప్పి, అందరికీ చూపించి చెప్పండి.

బాక్స్ మధ్యలో పెట్టడం అంటే ఏంటి? అంత ముఖ్యమా?

బాక్స్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సరిగ్గా సగంలో ఆపాలి. చక్రాలు నేరుగా పెట్టి అప్పుడు డ్రాప్ ఆర్మ్ ఎక్కించాలి. ఇలా చేయకపోతే ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ తిరుగుతుంది. యాక్సిల్ దగ్గర చక్రం తిరుగుడును ఆపే స్టాపర్ బోల్టులు ఉంటాయి. బాక్స్ తన లోపలి చివర తగలకముందే చక్రం ఆ బోల్టుకు ఆనాలి. లేదంటే ప్రతి యూటర్న్‌కూ బాక్స్ లోపలే దెబ్బ తగులుతుంది.

గుంతలో పడగానే స్టీరింగ్ దానంతట అదే లాగుతోంది. ఎందుకు?

డ్రాగ్ లింక్ వాలు ఎక్కువైంది. స్ప్రింగు పైకీ కిందికీ ఆడినప్పుడల్లా వాలుగా ఉన్న లింక్ చక్రాన్ని నెట్టేస్తుంది. బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు లింక్ వీలైనంత అడ్డంగా, నేలకు సమంగా ఉండేలా బాక్స్ ఎత్తు చూసుకోవాలి. స్ప్రింగు పట్టీలు అదనంగా వేయించి బండి ఎత్తు పెంచినవాళ్లకు ఈ బాధ ఎక్కువ.

ఏ ఆయిల్ పోయాలి? గాలి ఎలా తీయాలి?

ఎక్కువ బాక్సులకు డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు వాడే ఆయిల్), ఎర్రగా ఉంటుంది. పంపు మూత మీద వేరే రాసి ఉంటే అదే పోయండి. బ్రేక్ ఆయిల్ మాత్రం చుక్క కూడా పడకూడదు, రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి.

గాలి తీయడం ఓపిక పని. ముందు చక్రాలు లేపి, ఇంజిన్ ఆపే ఉంచి, డబ్బా నింపి, స్టీరింగ్‌ను మెల్లగా ఇరవై సార్లయినా ఈ చివర ఆ చివర తిప్పండి. డబ్బాలో బుడగలు వస్తుంటాయి, మట్టం దిగుతుంటుంది, పోస్తూ ఉండండి. బుడగలు ఆగాకే ఇంజిన్ స్టార్ట్ చేయాలి. తొందరపడి ముందే స్టార్ట్ చేస్తే ఆయిల్ గులాబీ రంగు నురుగై డబ్బా పైనుంచి పొంగుతుంది. మాకు అదే జరిగింది. నురుగు దిగడానికి రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ మొదలుపెట్టాం.

ఎన్ని రోజులు పడుతుంది?

సామాను అంతా చేతిలో ఉంటే మూడు నాలుగు రోజులు. లేత్ దగ్గర వరుసలో ఉంటే వారం. మేడారం జాతర ముందు మాత్రం పెట్టుకోకండి, అందరి బళ్లూ షెడ్డులోనే ఉంటాయి.

## బిగించి రోడ్డెక్కాక

మరీ తేలికైపోయింది. హైదరాబాద్ రోడ్డు మీద స్పీడులో భయమేస్తోంది.

మొదటి వారం కొంత అలవాటు లేకపోవడమే. పాత స్టీరింగ్‌ను భుజంతో తిప్పినవాడు కొత్తదాన్ని కూడా అలాగే లాగుతాడు. అప్పటికీ బండి అటూ ఇటూ తేలుతుంటే టో ఇన్ (ముందు చక్రాలు ముందువైపు కొంచెం లోపలికి తిరిగి ఉండే లెక్క) అలైన్‌మెంట్, టైరు గాలి, పంపు సైజు వరుసగా చూడండి. పికప్పుకు ఇంకో గుణం ఉంది. వెనక బస్తాలు నిండా పడితే ముందు లేస్తుంది, స్టీరింగ్ ఇంకా తేలికవుతుంది. ఎత్తుగా పత్తి వేసుకుని ఎదురుగాలిలో పోయే రోజు వేగం తగ్గించుకోవడమే మందు.

మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది నేరుగా రావట్లేదు.

రెండు కారణాలు ఎక్కువ. ఒకటి, ప్లే తీసేద్దామని ఎవరో బాక్స్ మీది స్క్రూ అతిగా బిగించారు. దాంతో మధ్యలో పట్టేస్తుంది. రెండోది క్యాస్టర్, అంటే కింగ్ పిన్ వెనక్కి వాలిన కోణం. చేతి స్టీరింగ్ తేలిగ్గా ఉండాలని పాత బళ్లకు అది తక్కువ ఇస్తారు. పవర్ వేశాక కొంచెం పెంచితే స్టీరింగ్ వెనక్కి వస్తుంది. లీఫ్ స్ప్రింగుకు, యాక్సిల్‌కు మధ్య ఒకవైపు సన్నగా, ఒకవైపు దళసరిగా ఉండే ఇనుప ముక్క వేసి పెంచుతారు. తెలిసిన అలైన్‌మెంట్ షాపులో కోణం కొలిపించాకే చేయించండి.

తిప్పేటప్పుడు శబ్దం వస్తోంది. ప్రమాదమా?

మూలుగులా వస్తే ఆయిల్ తక్కువుంది లేదా గాలి మిగిలింది. కీచుమంటే బెల్ట్ వదులు. బెల్ట్ మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. పూర్తిగా చివరకు తిప్పి పట్టుకున్నప్పుడు 'స్స్' మంటే అది పంపు వాల్వు తెరుచుకోవడం, మామూలే. కానీ అలా ఐదు సెకన్లకు మించి పట్టుకోవద్దు, పంపు కాలిపోతుంది.

స్టార్ట్ చేయగానే స్టీరింగ్ దానంతట అదే ఒకవైపు తిరుగుతోంది!

బండి రోడ్డు మీదికి తీయకండి. చక్రాలు లేపి ఇంజిన్ స్టార్ట్ చేసి, చేయి తీసి చూడండి. స్టీరింగ్ కదలకూడదు. కదిలితే బాక్స్ లోపలి వాల్వు మధ్య తప్పింది, ఎవరో విప్పి తప్పుగా బిగించి ఉంటారు. బాక్స్ దింపి, పవర్ బాక్సులు మాత్రమే చేసే మేస్త్రీకి ఇవ్వాలి.

ఎండాకాలం ఆయిల్ బాగా వేడెక్కుతోంది.

రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో రోడ్డే పెనంలా ఉంటుంది, ఆయిల్‌ను ఏమంటాం? డబ్బాకు తిరిగి వచ్చే పైపు దారిలో, రేడియేటర్ ముందు యూ ఆకారంలో ఒక ఉక్కు గొట్టం వేయించండి. గాలి తగిలి చల్లబడుతుంది.

## కాగితాల గురించి

ఆర్టీఏ పర్మిషన్ కావాలా?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు ఆర్‌సీ వివరాలు తేడా పడేలా బండిని మార్చకూడదు. ఇంజిన్, ఛాసిస్, బాడీ మార్పుల్లో ఇది సూటిగా తగులుతుంది. స్టీరింగ్ విషయంలో నేను చేసింది ఇది: పని మొదలుపెట్టే ముందే మా ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) గారిని కలిసి, ఏం మార్చబోతున్నానో కాగితం మీద రాసి ఇచ్చాను, అందినట్టు స్టాంపు వేయించుకున్నాను. మీరూ మీ ఆఫీసులో అడిగాకే పని పెట్టుకోండి. సామాను బిల్లులు దాచుకోండి. తుక్కులో కొన్నా బిల్లు అడగండి, దొంగ బండి సామాను కాదని చూపించుకోవాలి.

ఫిట్‌నెస్‌లో ఆపేస్తారా?

సరుకు రవాణా బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. అక్కడ చూసేది స్టీరింగ్‌లో ప్లే, జాయింట్లు, ఆయిల్ లీకులు. ఆయిల్ కారుతూ తీసుకెళ్తే వెనక్కి పంపుతారు. ముందు రోజు బాక్స్, పైపులు శుభ్రంగా తుడిచి రాత్రంతా కింద అట్టముక్క పరచండి. తెల్లారి అట్ట మీద ఎర్ర చుక్క ఉందో లేదో అదే చెప్తుంది.

ఇన్సూరెన్స్‌కు చెప్పాలా?

చెప్పాలి, రాతపూర్వకంగా. చెప్పకపోతే క్లెయిమ్ రోజున సర్వేయర్ బానెట్ ఎత్తగానే ఆ విషయం బయటపడుతుంది, అప్పుడు మొదలయ్యే టెన్షన్ వేరు.

తీసేసిన పాత బాక్స్ అమ్మేయాలా?

అమ్మకండి. తుక్కు ధరకు పోతుంది తప్ప వచ్చేదేమీ లేదు. రేపు ఎవరైనా అధికారి పాతది ఎక్కించి రమ్మన్నా, పవర్ బాక్స్ పాడై సామాను రావడానికి వారం పట్టినా అదే దిక్కు. డ్రాప్ ఆర్మ్, బోల్టులు, కప్లింగ్ అన్నీ దానికే కట్టి, గ్రీజు పూసి, రంధ్రాల్లో గుడ్డ కుక్కి పెట్టండి. మాది మిర్చి గోనెలో చుట్టి నాన్న మంచం కింద ఉంది. ఊడ్చేటప్పుడల్లా అమ్మ తుమ్ముతుంది.